మామూలు పొట్ట ఒకటి కావాలి

పలాసలో ఆ డాక్టరు గదిలో ఉన్నవి: గాజు పరిచిన బల్ల, దాని మీద కంప్యూటరు, బీపీ చూసే పరికరం, గోడకు మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిన గడియారం, మూత్రపిండాన్ని నిలువుగా కోసి లోపలి గొట్టాలన్నీ రంగుల్లో చూపించే పటం, రోగిని పడుకోబెట్టి చూడటానికి ఎత్తైన మంచం. ఆ మంచం మీద ఉన్నవి: శాంపిల్ మందుల అట్టపెట్టెలు, ఒక హెల్మెట్, స్టీలు క్యారేజీ, పాత రిపోర్టుల కట్టలు. ఉన్నవారు: డాక్టరు, ఆయన పక్కన బ్యాగు పట్టుకుని నిలబడ్డ మందుల కంపెనీ ప్రతినిధి, మా అమ్మ, మా మేనమామ, మేనమామ కొడుకు గణపతి బావ, కుర్చీలో ముందుకు వంగిపోయి కూర్చున్న నేను.

ఆ మంచం మీద మనిషి పడుకుని ఎంత కాలమైందో నేను చెప్పలేను. క్యారేజీ మాత్రం రోజూ పడుకుంటున్నట్టుంది.

అది మంగళవారం. నొప్పి మొదలైంది సోమవారం.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. చదివింది మెకానికల్ డిప్లొమా. బాయిలరు, ఆవిరి గొట్టాలు, గింజ కోసే మెషిన్లు, వాటి మోటార్లు నా బాధ్యత. మోటారు శబ్దం మారిందని ఎవరైనా వచ్చి చెబితే మేం చేసే పనికి ఒక వరస ఉంది. ముందు దగ్గరకెళ్లి చూస్తాం. తర్వాత చెవి పెట్టి వింటాం. తర్వాత చేయి ఆనించి వేడి, అదురు చూస్తాం. మీటరు తీసేది ఆఖర్న. మోటారు ఏ ఊర్లో తయారైందో అడిగి, ఆ ఊరి పేరు బట్టి జబ్బు రాసి పంపించేయం.

సోమవారం మధ్యాహ్నం బాయిలరు గదిలో ఉండగా బొడ్డు చుట్టూ ఏదో పట్టేసినట్టు మొదలైంది. అన్నం సయించలేదు. ఇంటికి వెళ్లేసరికి రెండుసార్లు వాంతి. మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. సముద్రం హోరు వినపడేంత దగ్గర. ఊర్లో వైద్యం చేసే ఆయన్ని అమ్మ పిలిపించింది. ఆయన నా నాలుక చూశాడు, కింది రెప్పలు లాగి చూశాడు, మణికట్టు పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్ల వైపు చూశాడు.

"గ్యాసు తమ్ముడూ. సూదేసెత్తే సాయంత్రానికి తగ్గిపోద్ది."

"నొప్పి సూదులొద్దు," అంది అమ్మ, ఆయన సంచీకి అడ్డంగా నిలబడి. "ఆ సూదులకే గదా కిట్నీలు పోతన్నాయి. మాత్రేదో ఉంటే ఇచ్చెల్లు."

ఆ వారం మొత్తంలో మా ఇంట్లో తీసుకున్న సరైన నిర్ణయం అదొక్కటే. ఆయన గ్యాసు మాత్ర ఇచ్చి వెళ్లిపోయాడు. మా ప్రాంతంలో జబ్బులు రెండే. ఒకటి గ్యాసు, రెండోది కిడ్నీ. రాత్రి తగ్గిపోతే గ్యాసు, తగ్గకపోతే కిడ్నీ. మూడో జబ్బుకు మండలంలో చోటు లేదు.

తెల్లారేసరికి తగ్గలేదు. నొప్పి బొడ్డు దగ్గర్నుంచి కుడి పక్కకి, కిందికి దిగి అక్కడే కూర్చుంది. కాబట్టి పలాస డాక్టరు. పైన చెప్పిన గది.

"ఏ ఊరు?" అన్నాడు డాక్టరు, కంప్యూటరు మీంచి కళ్లు తీయకుండా.

చెప్పాను.

"ఇంట్లో ఎవరికైనా కిడ్నీ?"

"మా ఇంటాయనకి," అంది అమ్మ. "పోయి ఆరేళ్లయినాది బాబూ."

ఆయన వేళ్లు అప్పటికే టైపు కొట్టేస్తున్నాయి. క్రియాటినిన్, యూరియా, కిడ్నీల స్కానింగ్.

"నొప్పి కుడిపక్క కింద ఉందండీ," అన్నాను. "నిన్న బొడ్డు దగ్గర మొదలై ఇటు దిగింది. దగ్గితే ఎక్కువవుతోంది."

"రాయి అయినా అలాగే దిగుతుంది. స్కాన్‌లో తెలుస్తుంది కదా."

"ఒకసారి చూస్తారా?"

"చూడటానికే కదయ్యా స్కాన్ రాశాను."

కంపెనీ ప్రతినిధి నవ్వాడు. డాక్టరు నవ్వితే తానూ నవ్వటం అతని ఉద్యోగంలో భాగం. నేను కుర్చీలో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే లేచాను. చొక్కా గుండీ ఒక్కటి కూడా విప్పే అవసరం రాలేదు. మా ఊరి పేరే రోగ లక్షణం. మిగతాదంతా అనవసర ప్రసంగం.

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఉద్దానంలో పిల్లల మార్కులు మర్చిపోయిన ఇళ్లుంటాయి గాని, ఇంట్లోవాళ్ల క్రియాటినిన్ మర్చిపోయిన ఇల్లుండదు. కిడ్నీల పనితీరు చెప్పే ఆ రక్తపరీక్ష సంఖ్య ఒకటికి అటూ ఇటూ ఉంటే మనిషి నిలబడ్డట్టు, పెరుగుతూ పోతే మనిషి వెళ్లిపోతున్నట్టు. స్కానింగ్ సెంటరు వరండాలో బెంచీ మీద నా పక్కన కంచిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"నీదెంత బాబూ?"

"ఇంకా రాలేదండీ."

"నాది మూడు పాయింటు రెండు. పోయిన నెల మూడే. మా తమ్ముడిది నాలుగున్నర." జీడితోటలో దిగుబడి చెబుతున్నంత నెమ్మదిగా చెప్పాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆ భయంలో మా నాన్న ఉన్నాడు. నేను అనేది, ఆ భయాన్ని పట్టుకుని మిగతా ఒళ్లంతా చూడటం మానేసిన చదువుకున్నవాళ్లని.

స్కానింగ్ చేసినతను నడుముకి అటూ ఇటూ చల్లటి జెల్లు రాసి పరికరం తిప్పాడు. కనీసం ఇతను పడుకోబెట్టాడు.

"అన్నా, నొప్పి ఇక్కడ కాదు. కింద," అని కుడి పక్క చూపించాను.

"చీటీలో కిడ్నీలని ఉంది," అన్నాడు. పరికరానికీ నా వేలికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దాటటానికి చీటీలో అనుమతి లేదు.

బుధవారం

రిపోర్టులు బావ తెచ్చాడు. మావ వాటిని పెరట్లో నిలబడి చదివాడు. మావ గురించి చెప్పాలి. ముప్పై ఎకరాల కొబ్బరి, జీడి, రెండుసార్లు సర్పంచి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. మా నాన్న పోయినప్పటినుంచి మా ఇంటి పెద్దరికం ఆయనదే. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడ్డుకోలేదు.

"పాయింటు తొమ్మిది!" అన్నాడు, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినపడేట్టు. "కిట్నీలు రెండూ నార్మలు! ఒలే సెల్లీ, ఏడుపాపు. నీ కొడుకు ఫస్టు క్లాసులో పాసయిపోనాడు."

అమ్మ ఏడుపు ఆపలేదు, కారణం మార్చుకుంది. పక్కింటివాళ్లు వచ్చారు, ఎదురింటివాళ్లు వచ్చారు. రిపోర్టు చేతులు మారింది. మావ దాన్ని ఫోన్లో ఫొటో తీసి కోటబొమ్మాళి పంపించాడు. అక్కడొక సంబంధం చూస్తున్నాడు నాకు. వాళ్లు నా ఉద్యోగం గురించి ఒక ప్రశ్న అడిగారు, నా అలవాట్ల గురించి ఒకటి, క్రియాటినిన్ గురించి నాలుగు. ఉద్దానం కుర్రాడికి పిల్లనివ్వాలంటే మరి జాతకం సరిపోదు. వాళ్ల దగ్గర్నుంచి వెంటనే రెండు బొటనవేళ్ల బొమ్మ వచ్చింది. మావ దాన్ని అందరికీ చూపించాడు.

నేను మంచం మీద కుడికాలు ముడుచుకుని పడుకుని ఉన్నాను. కాలు చాపితే లోపల ఏదో లాగుతోంది. ఆ సంగతి చెప్పాను.

"ఇంకా నొప్పేటిరా? పాయింటు తొమ్మిదైతే ఇంకా నొప్పేటి?" అన్నాడు మావ. ఇది ఆయన నిజంగానే అడిగాడు. నొప్పికి రిపోర్టు చూపించి, ఇంక వెళ్లిపోమంటున్నట్టు.

మధ్యాహ్నం దాటాక ఒక విచిత్రం జరిగింది. నొప్పి పోయింది. తగ్గటం కాదు, ఒక్కసారిగా పోయింది. మెలిపెట్టినదేదో వదిలేసినట్టు. నేను లేచి కూర్చున్నాను. అమ్మ చారన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిన్నాను.

"సూసినావా? అంతా బుర్రలో బయమే," అన్నాడు మావ. "నంబరు బాగుందని తెలీగానే పోనాది."

అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరూ సంతోషించారు. లోపల జరిగినది ఏమిటంటే, ఉబ్బిపోయిన అపెండిక్స్ పగిలింది. పగిలాక కాసేపు నొప్పి ఉండదట. బాయిలర్లో ఒత్తిడి పెరిగి పెరిగి, మీటరు ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే మా ఫ్యాక్టరీలో ఎవరూ స్వీట్లు పంచరు, పరిగెత్తుతారు. మావ పాలకోవా తెప్పించాడు.

గురువారం

తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఈసారి నొప్పి ఒక పక్క కాదు, మొత్తం. ఊపిరి పీల్చాలన్నా పైపైనే పీల్చాలి. కడుపు కదిలితే చాలు, కేకొస్తోంది. పక్క మీద దోమతెర లాగినా పొట్టలో తెలుస్తోంది. అమ్మ నా ముఖం చూసి మావకి ఫోన్ చేసింది. మావ కారు వేసుకుని వచ్చాడు. నడిపింది బావ.

"వైజాగే," అన్నాడు మావ. "అక్కడ మనకి తెలిసిన పెద్ద డాట్రుగారున్నారు. నానిప్పుడే మాట్లాడతాను." ముందు సీట్లో కూర్చుని ఆయన మాట్లాడింది డాక్టరుతో కాదు. డాక్టరు తెలిసిన ఒకాయనతో. ఆయన, డాక్టరు తెలిసిన ఇంకొకాయన నంబరు ఇస్తానన్నాడు.

నేను వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాను. ప్రతి గతుకూ పొట్టలో తగులుతోంది. మండలంలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో, ఏది ప్రమాణాల ప్రకారం కట్టారో, ఏది ఊరివాళ్లు సొంతంగా మట్టి, సిమెంటు కలిపి పోసుకున్నారో నేనిప్పుడు చెప్పగలను.

"బావా, మెల్లిగా."

"కోడిగుడ్ల బండి తోల్తన్నట్టు తోల్తన్నాన్రా శీనూ. నువ్వే గుడ్డు. పగలకు."

"పగిలిపోయాను బావా."

అతను అద్దంలో నన్ను చూశాడు. ప్రతి బ్రేకరు ముందూ కారు పూర్తిగా ఆపి, ముందు చక్రాలు దింపి, మళ్లీ ఆపి, వెనక చక్రాలు దింపాడు. వెనక లారీవాళ్లు హారన్లు కొట్టారు, తిట్టారు. బావ తిరిగి తిట్టలేదు. బావ ఎవరినీ తిట్టకుండా రోడ్డు మీద బండి నడపటం నేను అంతకుముందు చూడలేదు.

పలాస దాటి హైవే ఎక్కి, టెక్కలి దగ్గర పడుతుండగా వాంతి చేసుకున్నాను. ఆకుపచ్చగా ఉంది.

"ఇక్కడ ఆపండి," అన్నాను. "ఇంక నా వల్ల కాదు."

"టెక్కలిలో ఏటుందిరా? ఇంకో రెండు గంటలు ఓర్సుకో. ఒరే గణపతీ, నేరుగా పోనీ. కోటబొమ్మాళిలో అద్దాలెత్తీ, ఎవరైనా సూత్తారు."

చచ్చిపోతున్న మేనల్లుడి గురించి ఆయన ఆలోచించలేదని నేను అనను. ఆలోచించాడు. కానీ కోటబొమ్మాళి మీదుగా ఆలోచించాడు.

బావ ఇండికేటరు వేశాడు. హైవే వదిలి కారు టెక్కలి ఊళ్లోకి తిప్పేశాడు.

టెక్కలిలో ఆ ఆసుపత్రి పేరు రాయను. రెండంతస్తుల కట్టడం. వరండాలో బెంచీలు నిండిపోయాయి. ఎవరో ఒకావిడ తన మనవణ్ని ఒళ్లోకి లాక్కుని, బెంచీ సగం ఖాళీ చేసి, "తల ఇటెట్టుకో నాయనా" అని తన చేతిసంచి తలకింద పెట్టింది. సంచిలో ఉల్లిపాయలున్నాయి. ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు ఆవిడకి దండం పెట్టాలనిపిస్తుంది.

సర్జన్ ఒకావిడ. యాభై ఏళ్లుంటాయి. ఇచ్ఛాపురం వైపు వాళ్లట. కోపం వచ్చినప్పుడు మధ్యలో ఒడియా మాట దొర్లుతుంది. కోపం తరచుగానే వస్తుంది. ఆవిడ గదిలో మంచం మీద దుప్పటి తప్ప ఏమీ లేదు.

మావ ముందుకొచ్చి రిపోర్టులు చాచాడు. "మేడం, క్రియాటినిన్ పాయింటు తొమ్మిది. కిట్నీలు రెండూ..."

"చాలా సంతోషం. ఆ కిడ్నీలకి దండ వేయండి," అంది. "చొక్కా తీయించండి. ప్యాంటు హుక్కు కూడా."

తర్వాత ఆవిడ చేసిన పనులు వరసగా రాస్తాను. ఎందుకంటే సోమవారం నుంచి గురువారం దాకా ఏ ఒక్కరూ చేయనివి అవే.

మంచం కాళ్ల దగ్గర నిలబడి కాసేపు ఊరికే చూసింది. ఊపిరి తీస్తుంటే ఛాతీ కదులుతోంది, పొట్ట కదలటం లేదు. ఆ మాట పక్కన ఉన్న నర్సుకి చెప్పింది. "నొప్పి ఎక్కడ మొదలైంది? ఒక్క వేలితో చూపించు. ఇప్పుడెక్కడుంది?" చూపించాను. మోకాళ్లు ముడిచి పెట్టుకోమంది. దగ్గమంది. దగ్గలేకపోయాను, చూసి, చాల్లే అంది. రెండు చేతులూ ఒకదానికొకటి రుద్దుకుంది. చేతులు వెచ్చబెట్టుకుంటోందని నాకు కాసేపటికి అర్థమైంది. అప్పుడు నొప్పి అసలు లేదన్న చోట, ఎడమ పక్క పైన, వేళ్లు పరిచి పెట్టింది. నొక్కలేదు, పెట్టింది. నెమ్మదిగా కిందికి జరిపింది. చూపు మాత్రం నా పొట్ట మీద లేదు, నా ముఖం మీద ఉంది. ఎడమ పక్క నొక్కితే కుడి పక్క నొప్పి వచ్చింది. నేను చెప్పలేదు. నా కనుబొమలు చెప్పినట్టున్నాయి.

"అది చాలు," అంది. కుడి పక్క వేలితో ఒక్కసారి, తలుపు తట్టినంత తేలిగ్గా తట్టింది. నేను పెట్టిన కేకకి వరండాలో పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు.

"సారీ నాయనా," అంది. వారం మొత్తంలో నాకు క్షమాపణ చెప్పిన డాక్టరు ఆవిడే. నొప్పి తెలుసుకున్న డాక్టరు కూడా ఆవిడే.

చివర్లో స్టెతస్కోపు పొట్ట మీద పెట్టి వింది. చాలాసేపు వింది. ఫ్యాను ఆపించి మళ్లీ వింది. పేగులు నడిచే శబ్దం ఉండాలట. నాకు దాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. తిరగాల్సిన యంత్రం దగ్గర చెవి పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉంటే దాని అర్థం నాకు తెలుసు.

"అపెండిక్స్ పగిలింది. చీము పొట్టంతా పాకింది. ఇప్పుడే తెరిచి కడగాలి," అంది మావతో కాదు, నాతో. "నిన్న ఒక్కసారిగా నొప్పి పోయిందా?"

"పోయింది."

"అప్పుడు రావలసింది."

అప్పుడు మేం కోవాలు తింటున్నాం.

"వైజాగు తీసుకెల్తాం మేడం," అన్నాడు మావ. "అక్కడ మాకు తెలిసిన..."

"తీసుకెళ్లండి. నేను అడ్డం పడను. దారిలో బీపీ పడిపోతే ఆ తెలిసినాయనకి ఫోన్ చేయండి."

ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. వయసొచ్చినవాణ్ని. కానీ మా అమ్మ అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది, ఆగకుండా, గోడకి ఆనుకుని. ఆవిడ భయం నాకు తెలుసు. నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతే కిడ్నీలు పోయాయని తెలిసింది. నిజానికి అవి ముందే పోయాయి, ఆపరేషన్ కోసం రక్తపరీక్ష చేస్తే బయటపడింది. కానీ అమ్మ చూసిన వరస అది కాదు. ముందు మత్తు, తర్వాత జబ్బు, తర్వాత పాడె.

"మత్తు సూదొద్దమ్మా," అంది సర్జన్‌తో. "దండం ఎడతాను. మందులతో తగ్గించీండి. ఆల్ల నాన్నకి మత్తు సూదేసిన కాడ్నుంచే... మళ్లీ ఈడికి కూడానా? ఈడి నంబరు బాగుందమ్మా. బాగున్నదాన్ని పాడు సేసుకోలేను."

"సెల్లి సెప్పింది నిజమే," అన్నాడు మావ. "పైగా కోత పడితే రేపు సంబందానికి..."

నేను సంతకం పెట్టేయగలను. పెట్టేస్తే, నాకేదైనా అయితే, అమ్మ ఆ వరండాలోంచి ఇంటికి నడిచి వెళ్లగలదా? ఆ లెక్క నాకు తేలలేదు. పెన్ను పట్టుకుని అమ్మ వైపు చూస్తున్నాను. నాకు భయమేసింది ఆ క్షణంలోనే, అంతకుముందు కాదు.

సర్జన్ అమ్మ దగ్గరకి వెళ్లి చేయి పట్టుకుంది. "ఇలా రా తల్లీ. నా మాట నమ్మొద్దు. నీ చెయ్యే చెబుతుంది." మంచం దాకా తీసుకొచ్చి, ఆగింది. "ఉండు. తేడా తెలియాలంటే ముందు మామూలు పొట్ట ఒకటి కావాలి." గది చుట్టూ చూసింది. చూపు మావ మీద ఆగింది.

"మీరు. ఇలా రండి."

"నానా?"

"ఇంకెవరికీ అంత మంచి పొట్ట లేదు. పక్కన ఆ స్టూలు మీద కూర్చోండి. ఊపిరి వదలండి. బిగబట్టకండి, ఎన్నికల ఫొటో కాదు."

రెండుసార్లు సర్పంచి స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ అన్నగారి ముందు నిలబడి, చెయ్యి చాపలేక, పైట సవరించుకుంది. వాళ్లిద్దరూ ఒకర్నొకరు ముట్టుకుని ఎన్నేళ్లయిందో.

"నొక్కమ్మా," అంది సర్జన్.

అమ్మ తెల్లచొక్కా మీద అరచేయి పెట్టి నొక్కింది. చేయి లోపలికి దిగింది.

"ఎలా ఉంది?"

"మెత్తగున్నాది," అంది అమ్మ.

బావ గోడ వైపు తిరిగిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నాకు నవ్వొస్తే చచ్చిపోతానని తెలిసి పళ్లు బిగబట్టాను.

"ఇప్పుడు వీడిది. వేళ్లు పరిచి, ఊరికే ఆనించు. నొక్కకు."

అమ్మ చేయి నా పొట్ట మీదికి వచ్చింది. చల్లగా ఉంది. చిన్నప్పుడు కడుపునొప్పి అంటే ఆముదం రాసిన చేయి అది. అది నా పొట్ట మీద ఆనగానే ఆగిపోయింది. అమ్మ ముఖంలో రంగు మారటం నేను కింద పడుకుని చూశాను.

"ఓలమ్మో," అంది. "ఇది... ఇది బల్లచెక్క. నా గుంటడి పొట్ట కాదిది."

"అదే నేను చెబుతున్నది."

అమ్మ చేయి తీయలేదు. మావ స్టూలు మీంచి లేస్తూ, "సెల్లీ, ఒక్కసారి ఆలోసించు, కోటబొమ్మాళోల్లు..." అన్నాడు.

"ఆల్లకి నీ పొట్ట సూపించు," అంది అమ్మ, ఆయన వైపు తిరక్కుండా. తర్వాత నాతో: "ఎట్టీరా సంతకం. బేగెట్టీ."

పెట్టాను.

ఆ తర్వాత

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ: చలి, పెద్ద దీపం, మాస్కు కట్టుకున్న ఎవరో "అంకెలు లెక్కపెట్టు" అనటం. లేచేసరికి ముక్కులో గొట్టం, పొట్ట పక్కనుంచి ఇంకో గొట్టం, నోట్లో ఎడారి. అమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. మొదట అడిగింది నొప్పి ఉందా అని కాదు.

"ఒంటికెల్లినావా?"

మూత్రానికి గొట్టం పెట్టారని, సంచీ నిండుతోందని నర్సు చూపించింది. అమ్మ ఆ సంచీ వైపు చూసినంత ప్రేమగా నా వైపు ఎప్పుడూ చూసి ఉండదు.

తర్వాతి రోజుల్లో సర్జన్ పొద్దున్నా సాయంత్రం వచ్చేది. ప్రతిసారీ అదే వరస: చూడటం, చేతులు రుద్దుకోవటం, ఆనించటం, వినటం. "గాలి పోయిందా?" అని అడిగేది. పేగులు మళ్లీ నడవటం మొదలైతే ముందు తెలిసేది అలాగేనట. నన్ను చూడటానికి వచ్చిన చుట్టాలందరూ ఆ ప్రశ్న నేర్చేసుకున్నారు. మా ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కూడా అదే అడిగాడు. గాలి పోయిన రోజున మావ వరండాలోకెళ్లి ఫోన్లో నలుగురికి చెప్పాడు, ఎన్నికల ఫలితం చెప్పినట్టు.

బావ వచ్చి కూర్చుని తన పొట్ట మీద తను చేయి పెట్టుకుని, "మెత్తగున్నాది" అనేవాడు. నేను నవ్వాపుకోలేక కుట్లు పట్టుకుని, వెళ్లిపొమ్మని అతన్ని బతిమాలేవాణ్ని.

ఇంటికొచ్చాక చూడవచ్చినవాళ్లకి మావ చెప్పే కథ ఇది: "ఈడు వైజాగెల్దామంటాడు. నాను వద్దన్నాను. టెక్కలిలోనే ఆపించీనాను. ఒక్క నిమిసం లేటయితే ఏటయేదో." నేను సరిదిద్దలేదు. తప్పు బేరింగు బిగించి మోటారు తిరుగుతోందని మురిసిపోయేవాడితో వాదించి లాభం లేదు.

కోటబొమ్మాళి నుంచి కూడా ఫోన్ వచ్చింది. ఆపరేషన్ ఎలా జరిగిందని కాదు. తర్వాత క్రియాటినిన్ మళ్లీ తీయించారా అని. తీయించమని అమ్మ మావతో అనలేదు. ఫోన్ లాక్కుని, "మా పిల్లోడికి ఇప్పుడు పెల్లి లేదు," అని పెట్టేసింది.

ఇది చదివేవాళ్లలో మా వైపువాళ్లు ఉంటే చెబుతున్నాను. రక్తపరీక్ష మానేయమని కాదు. మన రక్తం మీద భయం మనకి ఊరికే రాలేదు. కానీ పొట్ట నొప్పితో ఎవరి దగ్గరకెళ్లినా, మంచం మీద పడుకోబెట్టి, చేయి పెట్టి చూడమని అడగండి. సిగ్గుపడకండి. మంచం మీద సామాను ఉంటే మీరే తీసి కింద పెట్టండి. ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. విసుగుకి కుట్లు పడవు. నొప్పి ఒక్కసారిగా మాయమైతే సంతోషపడకండి, బయల్దేరండి. ఒక నంబరు బాగుందంటే ఆ ఒక్క నంబరు బాగుందని మాత్రమే అర్థం. మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన హెల్పరుకి కూడా ఈ మాట మొదటి వారంలో చెబుతాం. వైద్యం చదివినవాళ్లకి ఎప్పుడు చెబుతారో నాకు తెలియదు.

పోయిన వారం చివరిసారి చూపించుకోవటానికి టెక్కలి వెళ్లాను. సర్జన్ మచ్చ వెంట వేలితో తడిమింది, దగ్గమంది. ఈసారి దగ్గాను. బరువులు మోయొద్దని, ఇంక రానక్కర్లేదని చెప్పింది.

"మేడం, మంగళవారమే పట్టుకుని ఉంటే కోత ఎంత పడేది?" అని అడిగాను.

ఆవిడ కళ్లజోడు తీసి, ఎందుకన్నట్టు చూసి, తర్వాత చెప్పింది. నాలుగు సెంటీమీటర్లు.

ఇంటికొచ్చి స్టీలు టేపు పెట్టి కొలిచాను. పదిహేడు.